అటకెక్కిన వైర్‌లెస్ చార్జర్

మా అమ్మకి వేళ్ళు వణుకుతాయి. ఫోన్ కిందున్న ఆ సన్నటి సందులో చార్జర్ పిన్ను పెట్టడం తనకి రోజూ ఒక యుద్ధం. అందుకే సంక్రాంతికి ఒక వైర్‌లెస్ చార్జర్ కొనిచ్చాను. సాసరంత పలక, మీద ఫోన్ పెడితే చాలు. రెండు వారాలు హాయిగా వాడుకుంది. అంతలో చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వైర్‌లెస్ చార్జర్ గాల్లోకి కరెంటు వదులుతుందట, చెయ్యి పెడితే షాక్ కొడుతుందట, దాని రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందట, ఆరు నెలల్లో బ్యాటరీ పోతుందట, పేస్‌మేకర్ (గుండె లయ సరిచెయ్యడానికి ఛాతీలో అమర్చే పరికరం) ఉన్నవాళ్ళ ఇంట్లో అసలు ఉండకూడదట. అమ్మ దాన్ని డబ్బాలో సర్ది అటక మీదికి ఎక్కించేసింది. మళ్ళీ వణికే వేళ్ళు, మళ్ళీ పిన్ను. నాకు బాధేసింది.

ముందు కరెంటు సంగతి. పలకలో రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది, ఫోన్ వీపున ఇంకొకటి. కింది చుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతూ పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా అలాగే మారుతుంది. ఆ మార్పు పై చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతే ఇది. మన వీధి ట్రాన్స్‌ఫార్మరూ, వంటింట్లో ఇండక్షన్ స్టవ్వూ పనిచేసేది దీనివల్లే. ఆ స్టవ్వు 2000 వాట్ల దాకా లాగుతుంది, ఈ పలక ఫోన్‌కి అందించేది మామూలుగా 5 నుంచి 15 వాట్లు.

పైగా ఫోన్ లేకుండా పలక ఊరికే పనిచెయ్యదు. మనం వాడే చార్జర్లలో ఎక్కువ భాగం 'చీ' అనే ప్రమాణం ప్రకారం తయారైనవి. పలక అప్పుడప్పుడు చిన్న సంకేతం పంపి పైన ఏముందో చూసుకుంటుంది. ఫోన్ బదులిచ్చి, తనకెంత కావాలో చెబితేనే అసలు సరఫరా మొదలవుతుంది. మన చెయ్యి ఆ బదులివ్వలేదు. షాక్ కొట్టే కరెంటు తీగ బయటికి లేనే లేదు. అమ్మ ముందు ఫోన్‌ని రెండు వేళ్ళ ఎత్తు లేపి చూపించాను. చార్జింగ్ గుర్తు పోయింది. దించాను, వచ్చింది. రెండు వేళ్ళ దూరంలోనే చేతకాని కరెంటు మంచం దాకా ఎలా వస్తుంది?

క్యాన్సర్ మాట మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది. మామూలు చీ చార్జర్ల పౌనఃపున్యం, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో ఆ లెక్క, సుమారు 100 నుంచి 200 కిలోహెర్ట్జ్. విజయవాడ ఆకాశవాణిని మనం పట్టుకునేది 837 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే అంతకన్నా ఎంతో పైన. కణంలోని డీఎన్ఏని నేరుగా విరగ్గొట్టే శక్తి ఎక్స్‌రేలకీ, గామా కిరణాలకీ ఉంటుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ శక్తి పెరుగుతుంది, వాటి పౌనఃపున్యం దీనికి లక్షల కోట్ల రెట్లు పైన. రెండిటినీ రేడియేషన్ అనే ఒకే మాటతో కలిపెయ్యడం వల్లే ఇంత టెన్షన్.

బ్యాటరీ విషయంలో మాత్రం కాస్త నిజం ఉంది. తీగలేని చార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది, ఫోన్ పక్కకి జరిగితే ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీకి వేడి పడదు. అలాగని ఆరు నెలల్లో చచ్చిపోదు. దళసరి కవరు తీసి, పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టి, 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకుంటే సరిపోతుంది.

పేస్‌మేకర్ మాట కొట్టిపారెయ్యను. కొత్త ఫోన్లలో, చార్జర్లలో అయస్కాంతాలుంటాయి. యాపిల్ కంపెనీయే తన ఫోన్లని అలాంటి పరికరాలకి 15 సెంటీమీటర్ల దూరంలో, వైర్‌లెస్‌గా చార్జ్ అవుతుంటే 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటుంది. అంటే జాగ్రత్త పడాల్సింది చొక్కా జేబు దగ్గర. మా పెదనాన్నకి పేస్‌మేకర్ ఉంది. ఆయన ఫోన్ పెట్టుకునేది ఎడమ జేబులోనే! ఆ మెసేజ్ చదివి కూడా అలాగే పెట్టుకున్నారు, ఎందుకంటే అందులో జేబు మాట లేదు.

అందులో లేనిది ఇంకొకటుంది, లోహం. ఫోన్‌కీ పలకకీ మధ్య నాణెమో తాళంచెవో ఉంటే అది కాలుతుంది. మంచి చార్జర్లు దాన్ని పసిగట్టి ఆగిపోతాయి గానీ, పల్చటి రేకులు కొన్నిసార్లు తప్పించుకుంటాయి. ఏటీఎం కార్డు నల్లగీత కూడా పాడవచ్చు. అమ్మ ఫోన్ కవరు విప్పి చూస్తే లోపల తిరుపతి నుంచి తెచ్చుకున్న వెంకన్న రాగి రేకు ఉంది. కళ్ళకద్దుకుని దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. "ఇక ఆ చార్జర్ దించరా" అంది.