రెండు నిమిషాల దారేగా, ఆక్సీమీటర్ ఎందుకు?

పిల్లలను ఆపరేషన్ థియేటర్ నుంచి రికవరీ గదికి తీసుకెళ్లేటప్పుడు పల్స్ ఆక్సీమీటర్ అక్కర్లేదనే మాట బాగా చలామణిలో ఉంది. "దారి రెండు నిమిషాలే. రంగు బాగుంది, ఏడుస్తున్నాడు, మాస్క్ పెట్టాం. అయినా కదిలే ట్రాలీ మీద అది తప్పుడు అంకెలే చూపిస్తుంది" అంటారు. ఈ వాదనతో పిల్లల ప్రాణాలు పణంగా పెట్టకూడదు.

"రెండు నిమిషాలే." పసిపిల్లలు బరువులో కిలోకు వాడే ఆక్సిజన్ పెద్దల కంటే దాదాపు రెట్టింపు. పైగా మత్తులో ఊపిరితిత్తుల్లో ఉండే నిల్వ తగ్గిపోతుంది. ముందే నిండా ఆక్సిజన్ పట్టించినా, శ్వాస ఆగితే ఆరు నెలల లోపు పాపకు సుమారు ఒకటిన్నర నిమిషంలో సాచురేషన్ (ఆక్సీమీటర్ చూపే, రక్తంలోని ఆక్సిజన్ శాతం) 90 శాతానికి దిగుతుంది. మామూలు గాలి పీలుస్తున్న పాపకు ఆ వ్యవధి కూడా దక్కదు. 90 కిందికి దిగాక పడిపోవడం ఇంకా వేగం.

"రంగు చూస్తే తెలిసిపోతుంది." సాచురేషన్ 80 దగ్గరికి పడేదాకా చాలామంది చర్మం, పెదవుల నీలాన్ని గుర్తించలేరని 1947లోనే తేలింది. రక్తహీనత ఉంటే నీలం ఇంకా ఆలస్యంగా కనబడుతుంది. వరండా వెలుతురు, కప్పిన దుప్పటి సరేసరి.

"ఏడుస్తున్నాడుగా." ఆ క్షణానికి మంచిదే. ఏడుపు ఆగి మళ్లీ మగత కమ్మాక నాలుక వెనక్కి జారుతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ అయితే రక్తం, లాలాజలం తగిలి స్వరపేటిక బిగుసుకుపోవచ్చు.

"మాస్క్ ఉందిగా." శ్వాసదారి మూసుకుంటే మాస్క్‌లోని ఆక్సిజన్ లోపలికి వెళ్లదు. శ్వాసదారి తెరిచే ఉండి శ్వాస మందగిస్తే, అదే ఆక్సిజన్ వల్ల అంకె 98 దగ్గరే నిలబడి ప్రమాదాన్ని దాచిపెడుతుంది. అందుకే ఆక్సీమీటర్ ఒక్కటే చాలదు. గడ్డం ఎత్తి పట్టిన చేతికి ఊపిరి తగులుతుండాలి, కళ్లు ఛాతీ మీద ఉండాలి. వీలుంటే పోర్టబుల్ క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరం) కూడా పెట్టాలి.

"తప్పుడు అంకెలు." చాలాసార్లు తప్పు, ప్రోబ్‌ను (ఆక్సీమీటర్‌లో ఒంటికి తగిలించే భాగం) పెట్టే తీరులోనే ఉంటుంది. పెద్దల క్లిప్ పసివేలికి నిలవదు. చుట్టే ప్రోబ్‌ను పాదం బయటి అంచుకో అరచేతికో పెట్టాలి. లైటు, సెన్సార్ ఎదురెదురుగా ఉండాలి, టేపు బిగించకూడదు, బీపీ కఫ్ ఉన్న చేతికి పెట్టకూడదు. తెర మీద నాడి తరంగం స్పష్టంగా వచ్చి, చూపే నాడి వేగం గుండె వేగంతో సరిపోయాకే బయలుదేరాలి. బీప్ శబ్దం ఆపవద్దు, సాచురేషన్ పడితే దాని స్వరం దిగడం ట్రాలీ తోసేవారికీ వినిపిస్తుంది. అంకె కొన్ని సెకన్లు, చల్లబడిన కాలికైతే ఇంకా ఎక్కువసేపు వెనకబడి ఉంటుంది. కాబట్టి అది పడగానే ముందు దవడ ముందుకు లాగి, మాస్క్ గట్టిగా ఆనించి 100 శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. ప్రోబ్ సంగతి ఆ తర్వాత.

ట్రాలీ మీద టీ-పీస్ (చేత్తో ఊపిరి అందించే గొట్టం, సంచి), సరిపోయే మాస్క్, నోట్లోని స్రావాలు లాగే సక్షన్, నిండుగా ఉన్న సిలిండర్ ఉండాలి. రికవరీ మానిటర్‌లో తరంగం కనబడేదాకా ఈ ప్రోబ్ తీయవద్దు.