క్లాబర్ లిస్ట్ గారికి ఒక దొంగ రాసుకున్న లేఖ

మూడో కోలన్ తర్వాత కొలువుండే, పాడయ్యే రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ అరల) జాబితా అయిన క్లాబర్ లిస్ట్ గారికి,

నమస్కారాలు. సీ ప్రోగ్రామ్ మధ్యలో అసెంబ్లీ (ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను నేరుగా రాసే భాష) ముక్క ఒకటి ఇరికిద్దామని కూర్చున్న రోజున మీరెవరో నాకు తెలీదు. మొదటి కోలన్ దగ్గర ఔట్‌పుట్ రాశాను, రెండో కోలన్ దగ్గర ఇన్‌పుట్ రాశాను. మీ చోటు ఖాళీగా వదిలేశాను. ఎవరూ కిక్కురుమనలేదు. ఒక్క వార్నింగ్ కూడా లేదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మీ దర్బారులో అసలు దొంగెవరని అడిగే నాథుడే లేడు. దొంగే ముందుగా వచ్చి, ఫలానా రిజిస్టర్లు పాడుచేయబోతున్నానని రాసివ్వాలి. రాయకపోతే దొంగతనం జరగనట్టే. కంపైలర్ గారికి నా అసెంబ్లీ అంతా కోట్స్ మధ్య ఉన్న స్ట్రింగే కదా! జీసీసీ అనే కంపైలర్ అయితే అందులో ఎన్ని లైన్లున్నాయో లెక్కపెట్టి సైజు అంచనా వేసుకుంటుంది, ఇన్‌స్ట్రక్షన్లు మాత్రం చదవదు. కవరు బరువు తూచి జాబు సంగతి తెలిసిందనుకునే రకం.

ఇక నా నేరం. ఎక్స్86 (ఇంటెల్ తరహా) ప్రాసెసర్లలో సీపీయూఐడీ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఈఏఎక్స్ అనే రిజిస్టర్‌లో సున్నా పెట్టి పిలిస్తే అందులోనే ఒక అంకె వస్తుంది. నాకు కావాల్సింది అదే కాబట్టి కంపైలర్‌కి ఈఏఎక్స్ ఒక్కటే చెప్పాను. అది మాత్రం అడగకుండానే ప్రాసెసర్ తయారీదారు పేరు కూడా ఇచ్చిపోతుంది: 12 అక్షరాలు, నాలుగేసి చొప్పున ఈబీఎక్స్, ఈడీఎక్స్, ఈసీఎక్స్‌లలో. కొసరు అనుకోండి.

ఈ ఇన్‌స్ట్రక్షన్‌ని ఒక లూప్‌లో పెట్టాను. ఆప్టిమైజేషన్ (కంపైలర్ కోడ్‌ని వేగంగా నడిచేలా మార్చడం) లేనంతసేపూ లూప్ పదిసార్లు బుద్ధిగా తిరిగింది. కౌంటర్ స్టాక్ మీద ఉండేది మరి. ఆప్టిమైజ్ చేయమనే ఓ2 ఆప్షన్ పెట్టగానే ఒక్కసారి తిరిగి ఆగిపోయింది. లూప్‌లో ప్రింట్‌ఎఫ్ అనే, తెరమీద రాసే ఫంక్షన్ ఉంది. అది పిలిచొచ్చాక కూడా విలువ చెడకూడదని కంపైలర్ కౌంటర్‌ని తెలివిగా ఈబీఎక్స్‌లో దాచింది. ప్రపంచంలో ఏ ఫంక్షనైనా ఈబీఎక్స్‌ని ఎలా తీసుకుందో అలాగే తిరిగిచ్చి తీరాలని ఒప్పందం. నేనే ఆ ఇంట్లో దొంగనని దానికేం తెలుసు?

డీబగ్గర్‌లో చూస్తే కౌంటర్ విలువ 1970169159. రెండు రోజులు ఆ అంకె నన్ను నిద్రపోనివ్వలేదు. ఓవర్‌ఫ్లో అనుకున్నాను, మెమరీ పాడైందనుకున్నాను, కంపైలర్‌లోనే బగ్ ఉందని (అందరం అనుకుంటాం లెండి) నలుగురికీ చెప్పుకున్నాను కూడా. చివరికి హెక్స్‌లోకి మార్చి, బైట్లు తిరగేసి అక్షరాల కోడ్‌లుగా చదివితే జీ, ఈ, ఎన్, యూ. ‘జెన్యూయిన్ ఇంటెల్’లో మొదటి నాలుగక్షరాలు! నా లూప్ కౌంటర్‌లో ప్రాసెసర్ తన పేరు రాసుకుని కూర్చుంది.

తప్పు తెలిశాక వెళ్లి మీ పాదాల మీద పడ్డాను. ఈబీఎక్స్, ఈసీఎక్స్, ఈడీఎక్స్ రాశాను. భయంతో ‘మెమరీ’ చేర్చాను. ఫ్లాగులు (లెక్కల ఫలితం ఎలా ఉందో చెప్పే గుర్తులు) పాడవుతాయని చెప్పే ‘సీసీ’ కూడా చేర్చాను. ఎక్స్86లో ఫ్లాగులు ఎలాగూ పాడవుతాయనే కంపైలర్ అనుకుంటుందని, మీకది రాసినా రాయకపోయినా ఒకటేనని తర్వాత తెలిసింది. చేయని నేరాలు కూడా ఒప్పేసుకున్నానన్నమాట.

ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. ఈ పనికి కంపైలర్‌తో పాటే ఒక హెడర్ ఫైల్ వస్తుందట. తెరిచి చూశాను. నాలుగు రిజిస్టర్లనూ ఔట్‌పుట్‌గానే చూపించారు. అక్కడ మూడో కోలనే లేదండీ.

ఇట్లు,
ఈబీఎక్స్ దొంగ