పాసైన కారు

ఏపీ 24 నంబరుతో షోరూమ్ నుంచి వచ్చిన రోజుల్లో మా బావమరిది కారు చాలా మర్యాదస్తురాలు. ఇప్పుడు కంపెనీవాళ్లు వచ్చినా గుర్తుపట్టలేరు. చక్రాలు బాడీ దాటి బయటికి తొంగిచూస్తాయి. అద్దాల వెనుక ఎప్పుడూ అమావాస్యే. ముందు బర్రెను సైతం ఎత్తి పక్కన పెట్టేంత ఇనుప గార్డు. ఇక సైలెన్సర్ నోరు విప్పిందంటే పానగల్లు చెరువు మీది కొంగలు లేచి పోవలసిందే.

ఆర్సీకి పదిహేనేళ్లు నిండాయి. సొంత కారుకు ఆ తర్వాత తనిఖీ చేయించుకుంటేనే మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. అందుకని ముందు రోజు దేవరకొండ రోడ్డులోని షెడ్డులో కారుకు సన్యాసం ఇప్పించాడు. గార్డు, సైలెన్సర్, చక్రాలు అన్నీ దిగాయి. నల్ల ఫిల్ము మాత్రం మొండికేసింది. మా చెల్లెలి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, అద్దం వేడి చేసి, గోటితో మూల లేపి, ఊపిరి బిగబట్టి లాగితే సగం చేతికొచ్చింది, సగం అద్దాన్నే నమ్ముకుంది. జిగురు వదిలించడానికి రాత్రి పదకొండు దాటింది. డ్రయ్యర్ మళ్లీ పని చేయలేదు. దాని గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు సరిచూశాడు, లైట్లు వేయించాడు, బ్రేకు తొక్కించాడు. కారు పాసైంది. వారం తిరగకుండా సన్యాసి మళ్లీ సంసారంలో పడ్డాడు.

“బావా, ప్రభుత్వమే పాస్ చేసింది. ఇక అడిగేవాడెవడు?”

పెళ్లిచూపుల నాడు తలవంచుకు కూర్చున్న పిల్లవాడు జన్మంతా అలాగే ఉంటాడని నమ్మే మామగారు కూడా ఇంత ధీమాగా ఉండడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ చేసిన తీరుకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. సుప్రీంకోర్టు 2019లో అదే గట్టిగా చెప్పింది అన్నాను. “అది ఢిల్లీలో బావా” అన్నాడు.

నార్కట్‌పల్లికి పెళ్లికి వెళ్తుంటే దారిలో ఆపారు. ఎస్సై అద్దానికి ముఖం ఆనించి, “లోపల ఉన్నది మనుషులా, బస్తాలా?” అన్నాడు. వెలుతురు ముందు, వెనుక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం రావాలట. పట్టుచీరలో ఉన్న మా చెల్లెలు అద్దం దించి, తాము మనుషులమేనని రుజువు చేసింది.

మావాడు తనిఖీ కాగితం విసనకర్రలా ఊపాడు.

“ఆ రోజు ఈ గార్డు ఉందా?”

“కారు ఉంది సార్.”

సైలెన్సర్ సంగతి రాగానే పొల్యూషన్ సర్టిఫికెట్ తీశాడు. ఎస్సై దాన్ని చదివి, “ఇది పొగ చూసిన కాగితం, చప్పుడు విన్నది కాదు” అని తిరిగిచ్చాడు. ఆపైన అదే చట్టంలోని 182ఎ సెక్షన్ చెప్పాడు: ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

జైలు మాట మావాడి చెవికి ఎక్కనే లేదు. ‘ఒక్కో’ అన్న దగ్గరే ఆగిపోయాడు. ఎస్సై కారు చుట్టూ తిరుగుతూ వేళ్లు మడుస్తుంటే వెనకే పరుగెత్తాడు.

“సార్, నాలుగు చక్రాలూ కలిపి ఒకటే లెక్క కదా? గార్డు, సైలెన్సర్ కూడా అదే షాపులో, అదే రోజు బిగించారు సార్. బిల్లు కూడా ఒక్కటే!”