అద్దెల మంట: అమెరికా నగరాలు తమ చేతులతో పెట్టుకున్నదే

అమెరికాలో అద్దెకుండే కుటుంబాల్లో సగం తమ ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికే పోస్తున్నాయి. హార్వర్డ్ హౌసింగ్ అధ్యయన కేంద్రం లెక్కన 2023లో అలాంటి కుటుంబాలు 2.26 కోట్లు. 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్క తీస్తే తలదాచుకోను ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది తేలారు. ఎందుకిలా అని అడిగితే వడ్డీ రేట్లు, వాల్‌స్ట్రీట్ ఫండ్లు, ఎయిర్‌బీఎన్‌బీ, వలసలు అని ఒక చిట్టా చదువుతారు. వాటి పాత్ర ఎంతో కొంత ఉంది, కాదనను. కానీ ఇటీవలి పరిశోధనలో చాలాభాగం తిరిగి తిరిగి ఒకే చోటికి చేరుతోంది: జనం ఉండాలనుకున్న చోట ఇళ్లు లేవకుండా నగరాలే చట్టం పెట్టి అడ్డుకున్నాయి. అడ్డు తీసిన చోట అద్దెలు ఆగాయి, లేదా దిగాయి.

ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో నగరం నిర్ణయించే నిబంధనలే జోనింగ్. దాని చరిత్ర చాలామందికి తెలిసిందే. రంగును బట్టి వాడలు విడదీయడం చెల్లదని సుప్రీంకోర్టు 1917లో చెప్పింది. 1926లో యూక్లిడ్ కేసులో మాత్రం జోనింగ్‌కు పచ్చజెండా ఊపింది. సొంతిళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంట్‌ను పరాన్నజీవితో పోల్చిన తీర్పు అది. ఆ తర్వాత రంగు పేరు ఎత్తాల్సిన అవసరమే లేకపోయింది, లాట్ (ఇంటి స్థలం) ఇంత పెద్దది ఉండాలన్న రూలే డబ్బు లేనివాళ్లను బయట ఉంచి ఆ పని చేసిపెట్టింది. ఈ రోజుకీ చాలా నగరాల్లో నివాస భూమిలో అత్యధిక భాగం ఒక లాట్‌కు ఒకే ఇల్లు అనే నిబంధన కిందే ఉంది.

ఆ నిబంధన ఎత్తేస్తే సరిపోతుందా? సరిపోదు. ఒక లాట్ తీసుకుని లెక్క వేసి చూద్దాం. 50 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు, మొత్తం 5,000 చదరపు అడుగులు. ముందు 25 అడుగులు, వెనక 20, అటూ ఇటూ ఐదేసి అడుగులు వదలాలనే సెట్‌బ్యాక్ రూల్ ఉందనుకోండి. కట్టుకోవడానికి మిగిలేది 40 బై 55, అంటే 2,200 చదరపు అడుగులు. ఇక్కడ నాలుగు ఇళ్లకు నగరం అనుమతి ఇచ్చింది, పేపర్లో వార్త కూడా వచ్చింది. కానీ ఇంటికి రెండు కార్ల పార్కింగ్ తప్పనిసరి అన్న పాత రూల్ అలాగే ఉంది. ఎనిమిది కార్లు. ఒక్కో కారుకు తిరిగే దారితో కలిపి సుమారు 330 చదరపు అడుగులు కావాలి, మొత్తం 2,640. ముందు వాకిట్లో కార్లు పెట్టకూడదు. వెనక వదిలిన 1,000 అడుగులనూ కలుపుకుంటే చేతిలో ఉన్నది 3,200. కార్లు పోను నాలుగు కుటుంబాల ఇళ్లకు మిగిలింది 560 చదరపు అడుగులు. కింద కార్లు పెట్టి పైన కడదామంటే ఎత్తు పరిమితి మోకాలడ్డుతుంది. భూమిలోకి తవ్వితే ఒక్కో కారుకు పదుల వేల డాలర్లు ఖర్చవుతుంది, అదీ అద్దెలోనే కలుస్తుంది. నాలుగు ఇళ్లకు అనుమతి ఉన్నట్టే ఉంటుంది, ఒక్కటీ లేవదు.

పార్కింగ్ నిబంధనల వెనక శాస్త్రమేమీ లేదని యూసీఎల్‌ఏ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ దశాబ్దాల పాటు చెప్పారు. 2025లో ఆయన కన్నుమూసేలోపే బఫెలో, మినియాపొలిస్, ఆస్టిన్ నగరాలు ఆ నిబంధనలను తీసి పక్కన పడేశాయి.

మినియాపొలిస్ సంగతి వివరంగా చూడాలి, ఎందుకంటే దాన్ని చాలామంది తప్పుగా చెబుతారు. ఒకే ఇల్లు రూల్ ఎత్తేసి మూడు ఇళ్లకు అనుమతి ఇచ్చారు, అందుకే అద్దెలు ఆగాయి అంటారు. నిజానికి ఆ మూడిళ్ల భవనాలు లేచినవి చాలా తక్కువ. మూడింటికి అనుమతి ఇచ్చిన నగరం, కట్టగలిగే విస్తీర్ణాన్ని ఆ మేరకు పెంచలేదు. అసలు పని చేసింది వేరే. బస్సు, రైలు నడిచే రోడ్ల వెంట ఎత్తయిన భవనాలకు ముందుగానే హక్కు ఇచ్చారు. పార్కింగ్ కోటా తగ్గిస్తూ వచ్చి చివరకు 2021లో పూర్తిగా రద్దు చేశారు. కొత్తగా వచ్చిన ఇళ్లలో అత్యధికం 20కి మించి ఫ్లాట్లున్న భవనాల్లోవే. ఫలితం ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్కల్లో ఉంది: 2017 నుంచి 2022 మధ్య నగరంలో ఇళ్లు 12 శాతం పెరిగాయి, అద్దెలు 1 శాతమే పెరిగాయి. అదే కాలంలో మిన్నెసోటాలో మిగతా చోట్ల ఇళ్లు 4 శాతం పెరిగితే అద్దెలు 14 శాతం ఎగబాకాయి.

హ్యూస్టన్ 1998లోనే నగర నడిబొడ్డున లూప్ 610 అనే రింగ్ రోడ్డు లోపల కనీస లాట్‌ను 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కి దించింది, 2013లో ఆ వీలును ఊరంతటికీ ఇచ్చింది. ఒక ఇల్లున్న చోట మూడు టౌన్‌హౌస్‌లు లేచాయి. ఆస్టిన్‌లోనైతే కరోనా తర్వాత అద్దెలు భగ్గుమన్నాయి, వెంటనే అపార్ట్‌మెంట్లు వేల లెక్కన వచ్చిపడ్డాయి, అద్దెలు శిఖరం నుంచి 15 శాతానికి పైగా దిగివచ్చాయి. జనం ఊరొదిలి పోవడం వల్ల దిగిన అద్దెలు కావవి, ఆ ప్రాంత జనాభా పెరుగుతూనే ఉంది.

దీనికి ఎదురువాదం ఒకటుంది, గౌరవించాల్సిందే. బిల్డర్లు కట్టేవన్నీ ఖరీదైన ఫ్లాట్లే, పేదవాడికి వాటితో ఏం పని, పైగా పక్క ఇళ్ల అద్దెలూ పెరిగి పాతవాళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది అంటారు. కాబట్టి అద్దెకు పరిమితి పెట్టాలంటారు. నెల తిరిగేసరికి అద్దె ఎలా కట్టాలా అని కుమిలేవాడికి ఈ మాట నచ్చడంలో తప్పేమీ లేదు.

అయితే ఈ భయాన్ని అంకెలతో పరీక్షించారు. ఎవాన్ మాస్ట్ అనే ఆర్థికవేత్త పెద్ద నగరాల్లో కొత్త అపార్ట్‌మెంట్లలో చేరిన 52,000 మందిని తీసుకున్నారు. వాళ్లు అంతకుముందు ఎక్కడుండేవారు, వాళ్లు ఖాళీ చేసిన ఇంట్లోకి ఎవరొచ్చారు, ఆ వచ్చినవాళ్లు వదిలిన ఇంట్లోకి మళ్లీ ఎవరొచ్చారు అంటూ ఆరు విడతలు వెనక్కి వెళ్లారు. మార్కెట్ ధరకు కట్టిన ఒక భవనంలో 100 మంది చేరితే, ఆ గొలుసు చివర 45 నుంచి 70 మంది తక్కువ ఆదాయ ప్రాంతాల ఇళ్లు ఖాళీ చేస్తారని తేలింది, అదీ చాలావరకు మూడేళ్లలోపే. ఇంజనీరు కొత్త ఫ్లాట్‌లోకి వెళ్తే అతని పాత ఫ్లాట్ నర్సుకు దొరుకుతుంది, నర్సు వదిలినది కొట్లో పనిచేసేవాడికి దొరుకుతుంది. ఆ కొత్త ఫ్లాట్ కట్టనివ్వకపోతే ఇంజనీరు ఊరొదిలి వెళ్లడు. ఎక్కువ డబ్బు పెట్టి నర్సు ఉండాల్సిన ఇంటినే పట్టుకుంటాడు. ఇక పక్కింటి అద్దె మాట. మాస్ట్ మరో ఇద్దరితో కలిసి పేద ప్రాంతాల్లో పెద్ద భవనాలు లేచిన చోట్లను పరిశీలిస్తే, దగ్గరి ఇళ్ల అద్దెలు కాస్త దూరంలోని ఇళ్లతో పోలిస్తే 6 శాతం దాకా తగ్గాయి.

అద్దె పరిమితి ఏం చేస్తుందో శాన్‌ఫ్రాన్సిస్కో చూపించింది. 1994లో పరిమితిని చిన్న పాత భవనాలకూ వర్తింపజేస్తే ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకు మేలు జరిగింది, సందేహం లేదు. కానీ యజమానులు ఇళ్లను అమ్మకపు ఫ్లాట్లుగా మార్చి అద్దె మార్కెట్ నుంచి 15 శాతం తప్పించారు. నగరమంతా అద్దె 5.1 శాతం పెరిగిందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. మినియాపొలిస్‌కు నది అవతలే ఉన్న సెయింట్ పాల్ 2021 నవంబర్‌లో కొత్త భవనాలను కూడా వదలకుండా అద్దె పెంపుకు ఏడాదికి 3 శాతం పరిమితి పెట్టింది. నిర్మాణ పర్మిట్లు కుప్పకూలాయి. ఏడాది తిరగకుండానే కొత్త భవనాలకు 20 ఏళ్ల మినహాయింపు ఇవ్వక తప్పలేదు.

ప్రభుత్వ డబ్బు అక్కర్లేదని నా వాదన కాదు. అద్దె సాయానికి అర్హులైన కుటుంబాల్లో నాలుగింట ఒకదానికే అది అందుతోంది, ఇది సిగ్గుచేటు. కానీ ఆ డబ్బు కూడా ఈ నిబంధనల్లోనే కరిగిపోతోంది. రాండ్ అనే పరిశోధన సంస్థ 2025 నివేదిక ప్రకారం కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంట్ కట్టడానికి చదరపు అడుగుకు టెక్సాస్‌లో కంటే 2.3 రెట్లు ఖర్చవుతోంది, 22 నెలలు ఎక్కువ పడుతోంది.

మెట్ల సంగతే చూడండి. అమెరికాలో చాలాచోట్ల మూడంతస్తులు దాటితే రెండు మెట్ల దారులుండాలి. రెండిటినీ కలపడానికి మధ్యలో పొడుగాటి కారిడార్ కావాలి, దానికి అటూ ఇటూ ఫ్లాట్లు. అప్పుడు ఒక్కో ఫ్లాట్‌కు ఒకే వైపు కిటికీలు. పడగ్గదికి కిటికీ ఉండాలి కాబట్టి మూడు పడగ్గదుల ఇల్లు ఆ నమూనాలో ఇమడదు, స్టూడియోలూ సింగిల్ బెడ్‌రూమ్‌లే వస్తాయి. పిల్లలున్న కుటుంబాలకు అపార్ట్‌మెంట్ దొరకకపోవడానికి ఇదొక పెద్ద కారణం. సియాటిల్ మంటలార్పే స్ప్రింక్లర్లు పెట్టించి, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు మించకుండా, ఆరంతస్తుల వరకు ఒకే మెట్ల దారిని ఎప్పటినుంచో అనుమతిస్తోంది. మిగతా నగరాలు ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తున్నాయి.

ఇంత తెలిశాక కూడా రూల్స్ ఎందుకు మారవు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే, ఇది ఇళ్లను దాటిన ప్రశ్న కూడా. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మసాచుసెట్స్‌లోని 97 ఊళ్ల పబ్లిక్ హియరింగ్ రికార్డులు తిరగేశారు. మైకు దగ్గరికొచ్చి మాట్లాడినవారిలో 63 శాతం కొత్త ఇళ్లను వ్యతిరేకించారు, సమర్థించినవారు 15 శాతం. అలా మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవారు, మగవారు, సొంతిల్లు ఉండి ఏళ్ల తరబడి అక్కడే స్థిరపడినవారు. రేపు ఆ ఇంట్లో చేరాల్సిన మనిషి ఆ హాలులో ఉండడు, ఇంకా ఆ ఊరివాడు కాలేదు మరి. దీన్ని స్థానిక ప్రజాస్వామ్యం అనడం నాకు మింగుడుపడదు. ఉన్నవాళ్లు రానున్నవాళ్ల మీద వేసే వీటో ఇది.

ఆ రానున్నవాళ్లలో మన పిల్లలు చాలామంది. చదువుకో, హెచ్-1బీ మీదో వచ్చి, నలుగురైదుగురు కలిసి రెండు పడగ్గదుల ఫ్లాట్ తీసుకుని, హాల్లో పరుపు వేసుకుని నెట్టుకొచ్చేవాళ్లు అద్దె కడతారు, పన్ను కడతారు, ఓటు మాత్రం ఉండదు. అలా కలిసి ఉండటాన్ని కూడా నేరం చేయొచ్చని 1974లో సుప్రీంకోర్టు బెల్ టెర్ కేసులో తేల్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బెల్ టెర్ అనే ఊళ్లో ఒక ఇంట్లో కలిసి అద్దెకున్న ఆరుగురు స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ విద్యార్థుల కేసు అది, బంధుత్వం లేనివాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదన్న ఊరి రూల్ నెగ్గింది. కొలరాడో 2024లో ఇలాంటి పరిమితులను రాష్ట్రమంతటా కొట్టేసింది. మంచి పని.

అందుకే ఈ అధికారాన్ని నగరాల నుంచి రాష్ట్రాల చేతికి మార్చాలంటాను. టెక్సాస్ 2025లో మొదలుపెట్టింది. అంతకుముందు 200 అడుగుల పరిధిలోని భూమిలో 20 శాతం యజమానులు అభ్యంతరం పెడితే చాలు, కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓట్లు పడితేగాని జోనింగ్ మారేది కాదు. కొత్త ఇళ్ల విషయంలో ఆ గీతను 60 శాతానికి పెంచారు. పెద్ద నగరాల్లో ఆఫీసులు, షాపులకు కేటాయించిన స్థలాల్లో రీజోనింగ్ లేకుండానే అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చన్నారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్లానో, ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి డాలస్ శివారు నగరాలూ దీని కిందికి వస్తాయి.

నగరాలు అప్పుడే దొడ్డిదారులు వెతుకుతున్నాయి. అలాంటి స్థలాల్లో కడితే కనీసం ఎనిమిది అంతస్తులు కట్టాలని షరతు పెట్టడం వాటిలో ఒకటి. చూడ్డానికి ఎక్కువ ఇళ్లు కోరుతున్నట్టే ఉంటుంది. కానీ అమెరికాలో చవకగా లేచే భవనం కింద కాంక్రీటు, పైన ఐదంతస్తుల కలప. అది దాటితే కాంక్రీటో స్టీలో వాడాలి, ఖర్చు ఒక్కసారిగా ఎగిరిపోతుంది, శివారు అద్దెలతో ఆ పెట్టుబడి తిరిగి రాదు, బిల్డర్ మొహం చాటేస్తాడు. 2027 జనవరిలో టెక్సాస్ శాసనసభ మళ్లీ కూర్చున్నప్పుడు కనీస ఎత్తు షరతులు చెల్లవని ఒక్క వాక్యం చేర్చాలి. అక్కడ ఓటున్న తెలుగువాళ్లు తమ ప్రతినిధికి ఫోన్ చేసి అడగాల్సింది ఆ వాక్యం గురించే.