చేతిలో పోర్షన్ పెట్టండి

1959లో న్యూయార్క్‌లో గడ్డి గురించి ఒక పెద్ద గొడవ జరిగింది. సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ నాటకాలను ఉచితంగా ఆడుతున్న జోసెఫ్ పాప్‌ను టికెట్ పెట్టమని పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ పట్టుబట్టాడు. జనం తొక్కిడికి గడ్డి పాడైపోతోందనీ, మళ్లీ వేయించడానికి డబ్బు కావాలనీ ఆయన వాదన. మోజెస్ మామూలు అధికారి కాదు. ఆ నగరంలో ఎన్నో వంతెనలు, హైవేలు, పార్కులు ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఆయన్ని ఎదిరించినవాళ్లు గెలవడం అరుదు. పాప్ మాత్రం టికెట్ పెట్టనన్నాడు, కోర్టుకెక్కాడు, గెలిచాడు. 1962లో అదే పార్కులో డెలకోర్ట్ థియేటర్ లేచింది. అక్కడ షేక్‌స్పియర్ నాటకానికి ఇప్పటికీ టికెట్ ఉచితమే.

పాప్ బ్రూక్లిన్‌లో ఒక బీద యూదు వలస కుటుంబంలో పుట్టాడు. షేక్‌స్పియర్ ఆయనకు దొరికింది పబ్లిక్ లైబ్రరీలో. లైబ్రరీలో పుస్తకం ఎలా ఊరికే దొరుకుతుందో నాటకమూ అలాగే దొరకాలన్నదే ఆయన జీవితమంతా చేసిన వాదన. అది సరైన వాదన. అయితే ఉచితంగా చూపించడం దగ్గరే ఆగిపోతే పని సగమే అయినట్టు. మిగతా సగం ఏమిటో అదే థియేటర్‌లో 2013లో తెలిసింది.

ఆ ఏడాది పాప్ స్థాపించిన పబ్లిక్ థియేటర్, దర్శకురాలు లియర్ డిబెసోనెట్ ఆధ్వర్యంలో 'పబ్లిక్ వర్క్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి నాటకం 'టెంపెస్ట్'. వేదిక మీద సుమారు 200 మంది. వాళ్లలో వృత్తి నటులు కొద్దిమందే. మిగిలినవాళ్లంతా నగరంలోని మామూలు మనుషులు: ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంఘం సభ్యులు, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకు అండగా ఉండే ఫార్చూన్ సొసైటీ నుంచి వచ్చినవాళ్లు, బ్రాంక్స్‌లో కళలు నేర్చుకునే పిల్లలు, బ్రౌన్స్‌విల్ రిక్రియేషన్ సెంటర్‌కు వచ్చే వృద్ధులు. నాటకం ఆడింది కొద్ది రాత్రులే. కానీ ఆ సంస్థలతో బంధం ఆ రాత్రులతో తెగిపోలేదు. వాళ్ల దగ్గరికే వెళ్లి ఏడాది పొడవునా క్లాసులు నడపడం, మరుసటి ఏడాది మళ్లీ కలిసి ఇంకో నాటకం వేయడం అలవాటుగా మారింది. 2018లో లండన్ నేషనల్ థియేటర్ కూడా ఈ దారే పట్టి, 200 మందికి పైగా మామూలు జనంతో 'పెరిక్లీస్' వేయించింది.

షేక్‌స్పియర్‌ను ఇలా నేర్పడం గొప్పతనాన్ని కిందికి దించడమని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆయన కథే ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆయన తండ్రి చేతి తొడుగులు కుట్టే మనిషి. ఆయన యూనివర్సిటీ గడప తొక్కలేదు. 1599లో కట్టిన గ్లోబ్ థియేటర్‌లో ఒక్క పెన్నీ ఇచ్చి నేల మీద నిలబడి చూసినవాళ్లలో చాలామందికి చదువు రాదు. ఆనాటి నటుల చేతికి కూడా పూర్తి నాటకం ఇచ్చేవారు కాదు. ఎవరి మాటలు వాళ్లకు, ముందు మనిషి చివరి మాట ఒకటి రెండు ముక్కలతో కలిపి, ఒక కాగితపు చుట్ట మీద రాసిచ్చేవారు. మన నాటకాలవాళ్లు 'పోర్షన్' అంటారే, అదే. ఇంగ్లిష్‌లో పాత్రను 'రోల్' అనడం కూడా ఆ చుట్ట నుంచి వచ్చిందే.

పోర్షన్ అనగానే తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్లకు హార్మోనిస్టు మాస్టారు గుర్తొస్తారు. శ్రీరామనవమికో జాతరకో నాటకం అనుకుంటే చాలు, ఆయన్ని రెండు మూడు నెలల ముందే ఊరికి పిలిపించేవారు. పగలు పొలం పని, రాత్రి రిహార్సల్. చాకిరేవు మనిషి భీముడు, టైలరు కృష్ణుడు. అక్షరం రానివాళ్లు కూడా రాయబారం పద్యాలు విని విని, అని అని పట్టేసేవారు. సంధి విడగొట్టమంటే విడగొట్టలేరు గానీ, ఏ మాట మీద ఊపిరి ఆపాలో వాళ్లకు తెలుసు. ఎదురుగా కూర్చుని వన్స్‌మోర్ కొట్టినవాళ్లకూ తెలుసు. మసాచుసెట్స్‌లో 1978లో టీనా పాకర్ స్థాపించిన షేక్‌స్పియర్ అండ్ కంపెనీ వాళ్లు రిహార్సల్లో ఇలాంటి పనే చేస్తారు. నటుడి చేతిలో పుస్తకం ఉండదు. వెనక ఒకరు నిలబడి ఒక్కో ముక్క చెవిలో అందిస్తుంటే, ఇతను ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ ఆ ముక్కను తనదిగా చేసుకుని పలుకుతాడు. చదవడంలో వెనకబడ్డ కుర్రాడు అక్కడ వెనకబడడు. ఈ కంపెనీ చుట్టుపక్కల హైస్కూళ్లతో ప్రతి శరత్కాలంలో నడిపే పండుగలో బహుమతులు లేవు, న్యాయనిర్ణేతలు లేరు. ఒక స్కూలు నాటకం చూసి మిగతా స్కూళ్ల పిల్లలు కేకలు వేసి మెచ్చుకుంటారు. పరిషత్తు పోటీలకు అలవాటు పడ్డ మన కళ్లకు ఇది కొత్తే, కానీ మనమూ చేసి చూడదగ్గ పని. నేరం చేసి కోర్టుకొచ్చిన పిల్లలకు శిక్షగా రిహార్సల్స్‌కు వెళ్లమని చెప్పిన బాలల కోర్టు కూడా అక్కడిదే.

ఇక జైళ్లు. 1995లో కెంటకీ రాష్ట్రంలోని లూథర్ లకెట్ జైల్లో కర్ట్ టోఫ్ట్‌ల్యాండ్ 'షేక్‌స్పియర్ బిహైండ్ బార్స్' మొదలుపెట్టారు. అక్కడ పాత్రలు ఆయన పంచేవారు కాదు. ఎవరికి ఏ పాత్ర అవసరమో ఖైదీలే ఎంచుకునేవారు. వాళ్లు 'టెంపెస్ట్' వేసిన ఏడాదిని 2005లో ఒక డాక్యుమెంటరీ చూపించింది. తనను దీవిపాలు చేసిన తమ్ముణ్ని చేతికి చిక్కాక కూడా క్షమించి వదిలేసే ప్రాస్పెరో కథ అది. చివర్లో ప్రాస్పెరో ఒంటరిగా ముందుకొచ్చి, మీ తప్పులకు మీరు క్షమాపణ కోరుకుంటారు కదా, అలాగే నన్నూ క్షమించి వదిలిపెట్టండి అని ప్రేక్షకులను అడుగుతాడు. మనిషి ప్రాణం తీసి ఏళ్ల తరబడి లోపలున్నవాళ్లు, పెరోల్ బోర్డు ముందు నిలబడాల్సినవాళ్లు ఆ మాటలతో బతకడం అంటే ఏమిటో ఆలోచించాలి. ఏ పరీక్ష పేపరూ అడగలేని ప్రశ్న అది.

ఇలాంటి కార్యక్రమాల తర్వాత ఖైదీలు మళ్లీ జైలుకు రావడం తగ్గిందని చూపించే అంకెలు తరచూ వినిపిస్తాయి. వాటిని జాగ్రత్తగా చూడాలని మేమంటాం. మారాలని ముందే అనుకున్నవాళ్లే తరచూ నాటకంలో చేరతారు. ఆ గుంపును మిగతా జైలుతో పోల్చి గొప్పగా చెప్పుకోవడం న్యాయం కాదు. అసలు ఆ అంకె మీదే కార్యక్రమం నిలబడాలనుకోవడం మొదటి పొరపాటు. లైబ్రరీకి వెళ్లినవాడు దొంగతనం మానేశాడా అని మనం లెక్క కడుతున్నామా?

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. బ్రాంక్స్‌లో నల్లజాతి పిల్లలకైనా, రాజమండ్రిలో తెలుగు పిల్లలకైనా ఈ నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లిష్ మగవాణ్ని ఎందుకు నేర్పాలి? ఆయన మన దేశానికి పాలకుల చదువుతో పాటు వచ్చాడు. ఆ చదువు మన భాషలను చిన్నచూపు చూసింది. ఈ కోపం నిజమైనది. దాన్ని మేము తోసిపుచ్చం. అయితే ఆ కోపం కూడా 'టెంపెస్ట్'లోనే ఉంది. తన దీవిని తన నుంచి లాక్కున్న ప్రాస్పెరోతో కాలిబన్ అంటాడు, నాకు భాష నేర్పారు, దానితో నాకు దక్కిన లాభం తిట్టడం రావడమే అని. ఆ మాట గైడులో ఐదు మార్కుల ప్రశ్నగా చదివితే కాలిబన్ ఒక రాక్షసుడు. ఊళ్లోంచి వెళ్లగొట్టబడ్డ మనిషి నోటితో పలికితే అది ఫిర్యాదు.

దక్షిణాఫ్రికాలో రాజకీయ ఖైదీలను ఉంచిన రాబెన్ దీవి జైల్లో సన్నీ వెంకటరత్నం అనే ఖైదీ షేక్‌స్పియర్ రచనల సంపుటానికి దీపావళి గ్రీటింగ్ కార్డుల బొమ్మలు అతికించి, అది తన మతగ్రంథమని కాపలావాళ్లను నమ్మించాడు. దక్షిణాఫ్రికా చెరకు తోటలకు మన కోస్తా నుంచి కూలీలుగా వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ పేరు వినగానే మన చెవి నిక్కుతుంది. ఆ పుస్తకం తోటి ఖైదీల చేతులు మారింది. తనకు నచ్చిన చోట సంతకం చేయమంటే నెల్సన్ మండేలా 1977 డిసెంబరు 16న 'జూలియస్ సీజర్'లో, పిరికివాళ్లు చావుకు ముందే ఎన్నోసార్లు చస్తారు అన్న మాటల పక్కన చేశాడు. ఆ రాజకీయ ఖైదీలకు ఆ మాటలు నచ్చమని ఏ సిలబస్సూ చెప్పలేదు.

తెలుగులోనూ ఈ దారి పాతదే. 1870ల్లో వావిలాల వాసుదేవశాస్త్రి సీజర్ నాటకాన్ని తెలుగు చేశారు. 1880లో కందుకూరి వీరేశలింగం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మార్చి రాజమహేంద్రవరంలో తన విద్యార్థులతోనే ఆడించారు. పాఠం చెప్పే పంతులే పిల్లలకు వేషం కట్టించాడు. తర్వాత మన కాలేజీల్లో వేషం పోయి నోట్సు మిగిలింది. 'మర్చెంట్ ఆఫ్ వెనిస్'లో పోర్షియా కరుణ గురించి చెప్పిన మాటలు బట్టీ పట్టి రాసి పాసైనవాళ్లు లక్షల్లో ఉంటారు. ఒక్కసారైనా ఆ వడ్డీ వ్యాపారి షైలాక్ ఎదుట నిలబడి ఆ మాటలు అన్నవాళ్లు ఎందరు? ఎడిసన్‌లో, డాలస్‌లో ఉన్న మన పిల్లలు తొమ్మిదో క్లాసులో 'రోమియో అండ్ జూలియట్' చదువుతూ టెన్షన్ పడుతుంటే, తల్లిదండ్రులు వాళ్లకు సమరీ వెతికిపెట్టే బదులు రెండు పాత్రలు పంచుకుని ఇంట్లోనే పైకి చదివితే బాగుంటుంది. ఇంగ్లండ్ అయితే ఈ సంగతి ఆలస్యంగా గ్రహించింది. అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో పేరు పెట్టి తప్పనిసరి చేసిన రచయిత షేక్‌స్పియర్ ఒక్కడే. పద్నాలుగేళ్ల పిల్లలకు ఆయన మీద పెట్టే జాతీయ పరీక్షను 2008లో ఎత్తేశారు. అదే ఏడాది రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ మూడే మూడు మాటలతో ఉద్యమం మొదలుపెట్టింది: లేచి నిలబడి ఆడండి, ప్రత్యక్షంగా చూడండి, చిన్నప్పుడే మొదలుపెట్టండి.

ఇదంతా సాగాలంటే డబ్బు కావాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ 2003 నుంచి షేక్‌స్పియర్‌ను వృత్తి నాటక బృందాలతో ఊరూరి స్కూళ్లకూ, తర్వాత బాల నేరస్థుల గృహాలకూ పంపిస్తూ వచ్చింది. 2025 మే నెలలో ఆ సంస్థ ఎన్నో కళాసంస్థలకు ఇస్తానన్న గ్రాంట్లను రద్దు చేస్తూ ఉత్తరాలు పంపింది. సంస్థనే మూసేయాలని అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన కోరింది. దాని ఏడాది బడ్జెట్ 20.7 కోట్ల డాలర్లు. దేశ జనాభాతో భాగిస్తే తలకు 60 సెంట్ల చిల్లర. అదే 2025లో డెలకోర్ట్ థియేటర్ 8.5 కోట్ల డాలర్ల మరమ్మతుల తర్వాత మళ్లీ తెరుచుకుంది. ఆ ఖర్చు మాకు సంతోషమే, ఉచిత థియేటర్ మంచి స్థితిలో ఉండాలి. మా బాధంతా ఆ వేదిక ఎక్కే మనుషులకు బ్రాంక్స్‌లో, జైల్లో, వృద్ధుల కేంద్రంలో మంగళవారం సాయంత్రం క్లాసు చెప్పే టీచరు గురించి. ఆ టీచరు జీతం ఏడాదికో గ్రాంటు మీద, ఎవరిదో ఒక ఉత్తరం మీద ఆధారపడకూడదు. లైబ్రేరియన్‌కు ఇచ్చినట్టే నగరం బడ్జెట్లోంచి, ఐదేళ్లకు తగ్గకుండా హామీతో ఇవ్వాలి. గ్రాంటు ఇచ్చేవాళ్లు ప్రదర్శనకు ఎందరొచ్చారని కాక, క్లాసుకు వచ్చినవాళ్లలో ఎందరు రెండో ఏడాది కూడా వచ్చారని అడగాలి.