తెలియక కాదు, కదలక

తెల్లటి ఐ20 కారు. ఉదయం బదర్‌పుర్‌ మీదుగా ఢిల్లీలోకి వచ్చింది. మధ్యాహ్నం ఎర్రకోట దగ్గరి పార్కింగ్‌లో ఆగి, మూడు గంటలు కదలకుండా నిలిచింది. సాయంత్రం ఆరున్నర వేళకు బయటికొచ్చి 6.52కు పేలిపోయింది. 2025 నవంబరు 10న ఆ కారు ఎక్కడ తిరిగిందీ, ఎక్కడ ఆగిందీ గంటల లెక్కన చెప్పగలుగుతున్నామంటే కారణం దారి పొడవునా ఉన్న కెమెరాలే. కాకపోతే అవి చూపించింది పదిమందికి పైగా ప్రాణాలు పోయాక. ఫరీదాబాద్‌లో దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి పట్టుబడిందని పోలీసులు ప్రకటించింది ఆ రోజే. ఈ దాడి వెనకున్న ముఠాలోని వైద్యులు కొందరు అప్పటికే అదుపులో ఉన్నారు. తప్పించుకున్నవాడు మాత్రం రాజధాని నడిబొడ్డున కారులో కూర్చుని ఉన్నాడు.

ప్రతి దాడి తర్వాతా వినిపించే కోరికల చిట్టా ఒకటుంది. మరిన్ని కెమెరాలు, ముఖాలను గుర్తుపట్టే యంత్రాలు, అనుమానితుల జాబితాలు, ఫోన్లలోకి తొంగిచూసే అధికారాలు. ఎర్రకోట తర్వాతా అవే. మా ప్రశ్న ఒక్కటే. ఇప్పటికే తెలిసినదానితో ఏం చేశారు?

దిల్‌సుఖ్‌నగర్‌ను హైదరాబాద్‌ మరచిపోలేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాపు దగ్గర, థియేటరు దగ్గర సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయారు. నాలుగు నెలల ముందే, 2012 అక్టోబరులో, ఢిల్లీ పోలీసులకు చిక్కిన ఉగ్రవాద సంస్థ ఇండియన్‌ ముజాహిదీన్‌ మనుషులు దిల్‌సుఖ్‌నగర్‌లో రెక్కీ చేసి వెళ్లామని పేరుపెట్టి మరీ చెప్పారు. పేలుళ్లకు రెండు రోజుల ముందు కూడా రాష్ట్రాలను హెచ్చరించామని నాటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్‌ శిందే అన్నారు. అలాంటి హెచ్చరికలు మామూలుగా వచ్చేవేనని రాష్ట్రం అంది. ఒకరు పంపామన్నారు, మరొకరు అందిందిగానీ అందులో ఏమీ లేదన్నారు. ఈ రెండు మాటల మధ్య పోయినవి కోచింగ్‌ సెంటర్ల నుంచి ఇళ్లకు బయల్దేరిన పిల్లల ప్రాణాలు. సూత్రధారి యాసిన్‌ భత్కల్‌ అంతకు కొన్నేళ్ల ముందు నకిలీ నోట్ల కేసులో కోల్‌కతా పోలీసులకు దొరికి, మారుపేరు చెప్పి, బెయిలుపై దర్జాగా వెళ్లిపోయాడు. దేశమంతా వెతుకుతున్న మనిషి లాకప్‌లోనే ఉన్నా పోల్చుకోలేకపోయిన వ్యవస్థ ఇది. అతనితో కలిపి మొత్తం అయిదుగురికి పడిన ఉరిశిక్షలను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది. నేరం చేసినవారి లెక్క అలా తేలుతోంది. హెచ్చరికను ఫైలులో పెట్టి పడుకున్నవారి లెక్క ఏ కోర్టుకూ వెళ్లలేదు.

మన దగ్గరే ఇలా అనుకోనక్కర్లేదు. 2019 ఈస్టర్‌ రోజున శ్రీలంక చర్చిల్లో, హోటళ్లలో 260 మందికి పైగా చనిపోయారు. దాడికి పదిహేడు రోజుల ముందు, ఏప్రిల్‌ 4న, భారత నిఘా సంస్థలు కొలంబోను హెచ్చరించాయి. 11వ తేదీకల్లా ముఠా నాయకుడు జహ్రాన్‌ హషీమ్‌ పేరు ప్రస్తావించి హెచ్చరించే లేఖ పోలీసు శాఖలో తిరిగింది. దాడికి కొన్ని గంటల ముందు కూడా మరో హెచ్చరిక వెళ్లింది. ఇంతకన్నా స్పష్టమైన సమాచారం ఏ యంత్రం ఇస్తుంది? అయినా చర్చి వాకిట ఒక్క కానిస్టేబుల్‌ను అదనంగా నిలబెట్టలేదు. అధ్యక్షుడికీ ప్రధానికీ పడక, ప్రధానిని ఆ దేశ జాతీయ భద్రతామండలి సమావేశాలకే పిలవని రోజులవి. ఒక విషయంలో మాత్రం ఆ చిన్న దేశాన్ని మెచ్చుకోవాలి. మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన సొంత డబ్బులోంచి పది కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు చెల్లించాలని 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది. పోలీసు, నిఘా అధిపతులనూ వదల్లేదు. తెలిసీ కదలకపోవడం తప్పేనని ఒక న్యాయస్థానం తేల్చింది.

అందరి ఫోన్ల వివరాలూ పోగేస్తే ఉగ్రవాదులు దొరుకుతారన్న నమ్మకాన్ని అమెరికా కొన్నేళ్లపాటు నిజంగానే పరీక్షించింది. దేశం మొత్తం కాల్‌ రికార్డులను రాశిపోసుకున్న ఆ పథకం వల్ల ఒక్క ఉగ్రవాద కేసు దర్యాప్తు ఫలితం కూడా చెప్పుకోదగ్గట్టు మారలేదని ఆ దేశ ప్రభుత్వం నియమించిన పర్యవేక్షణ మండలే 2014లో తేల్చింది. కారణం తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కోటి మంది ఉన్న నగరంలో నూరుమంది ప్రమాదకారులున్నారనుకుందాం. నూటికి ఒక్కసారే పొరపడే యంత్రం పెట్టినా లక్షమంది అమాయకులను అనుమానితులుగా చూపిస్తుంది. ఆ లక్షమందిని విచారించే పోలీసులు ఎక్కడున్నారు? అసలువాళ్లు ఆ గుంపులో కలిసిపోతారు.

ఆ లక్షలో ఉండేది ఎవరో కూడా హైదరాబాద్‌కు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. వారు నిర్దోషులుగా బయటపడ్డాక ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సివచ్చింది. పోయిన చదువులు, చెడిపోయిన సంబంధాలు, ఊడిన ఉద్యోగాలు ఆ చెక్కులతో తిరిగిరావు. తర్వాత వేరేవారిని నిందితులుగా నిలబెట్టారు. 2018లో వారూ నిర్దోషులయ్యారు. మసీదులో నమాజు చేస్తూ చనిపోయినవారిని ఎవరు చంపారో నేటికీ తేలలేదు.

నిఘా అసలే వద్దని మేము అనడం లేదు. శత్రువు పొంచి ఉన్న దేశానికి కళ్లూ చెవులూ కావాలి. ఎర్రకోట ముఠా తీగ దొరికిన తీరే చూడండి. శ్రీనగర్‌ శివారు నౌగామ్‌లో గోడలపై కనిపించిన బెదిరింపు పోస్టర్లను చించిపారేసి ఊరుకోకుండా వెంటపడింది కర్నూలు నుంచి వెళ్లిన పోలీసు అధికారి జి.వి.సందీప్‌ చక్రవర్తి బృందం. అక్కడా సీసీ కెమెరా ఉపయోగపడింది, పాత రాళ్లదాడి కేసుల వివరాలూ పనికొచ్చాయి. కానీ ముందు ఒక మనిషికి అనుమానం వచ్చింది. ఆ తర్వాతే కెమెరాను అడిగారు, ఏం వెతకాలో తెలిసి అడిగారు. ఠాణాలో ఖాళీలు నింపి, బీట్‌ కానిస్టేబుల్‌కు తన వీధి తెలిసేంత తీరిక కల్పించడం కన్నా కెమెరాల టెండర్లు పిలవడమే పాలకులకు సులువు. టెండరుకు ప్రారంభోత్సవం ఉంటుంది.

ఇక పోగేసిన అధికారం ఎటు తిరుగుతుందో మన కళ్లెదుటే ఉంది. మావోయిస్టులపై కన్నేసి ఉంచడానికి పుట్టిన స్పెషల్‌ ఇంటెలిజెన్స్‌ బ్రాంచి పరికరాలతో ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని తెలంగాణ పోలీసుల అభియోగం. నిజానిజాలు కోర్టులో తేలాలి. హార్డ్‌డిస్కులపై చూపించారంటున్న ఆ చురుకుదనం దిల్‌సుఖ్‌నగర్‌ హెచ్చరికపై ఎందుకు లేదని అడిగే హక్కు మాత్రం ప్రజలకు ఇప్పుడే ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017లో ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో తెచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, భద్రత పేరుతో తనకు నచ్చిన సంస్థలను మినహాయించే వీలు కేంద్రం తనకే ఉంచుకుంది. కేంద్ర నిఘా సంస్థ ఇంటెలిజెన్స్‌ బ్యూరోకు నేటికీ పార్లమెంటు చేసిన చట్టమంటూ లేదు. దాన్ని ప్రశ్నించే పార్లమెంటరీ సంఘమూ లేదు. జాబితాలో పేరెక్కినవాడికి ఆ సంగతి తెలియదు, ఎందుకెక్కిందో ఎవరూ చెప్పరు, తీయించుకోవడానికి వెళ్లాల్సిన తలుపు ఎక్కడుందో అసలే చెప్పరు. విఫలమైన అధికారికి మాత్రం ఏ జాబితా లేదు.

కొత్త అధికారాలు అడగడానికి హోంశాఖ పార్లమెంటు గుమ్మం ఎక్కేముందు పాత బాకీ ఒకటి తీర్చాలి. 2012 అక్టోబరులో దిల్‌సుఖ్‌నగర్‌ పేరున్న ఆ కాగితం ఏ బల్లపైకి వచ్చింది? ఎవరు చదివారు? చదివి ఏం చేశారు? ఆ సంతకం ఎవరిదో చెప్పలేనివారికి మా ఫోన్లలో ఏముందో ఎందుకు?