కాళ్లు లేని కాలేజీ

పోయిన శనివారం నేను స్వర్గానికి వెళ్లొచ్చాను. రానని మొండికేస్తే అటెండెన్స్ కట్ అన్నారు. పురాణాల్లో స్వర్గానికి పుణ్యం అడిగారు గానీ 75 శాతం హాజరు ఎక్కడా అడగలేదు.

విషయమేమిటంటే, మా ఇంజినీరింగ్ కాలేజీ 'వర్చువల్ క్యాంపస్' తెరిచింది, అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే కనిపించే కంప్యూటర్ బొమ్మల కాలేజీ. హెడ్‌సెట్లు రెండు. ఒకటి ప్రిన్సిపాల్ గారికి, రెండోది మా 64 మందికి. నా వంతు వచ్చేసరికి దాని పట్టీ ముప్పై తలల కొబ్బరినూనెతో నిగనిగలాడుతోంది.

లోపల పచ్చిక, ఫౌంటెన్, నాలుగంతస్తుల లైబ్రరీ. (అసలు లైబ్రరీ తాళం మేడమ్‌తో పాటు సెలవులో ఉంది.) నాకూ ఒక బొమ్మ శరీరం ఇచ్చారు, నడుం దాకానే.

"సార్, కాళ్లేవి?"

"అవి తర్వాతి అప్‌డేట్‌లో వస్తాయమ్మా."

సార్‌ని తప్పుపట్టను. ఇలాంటి బొమ్మల లోకం కోసం 2021లో ఫేస్‌బుక్ కంపెనీ పేరే మెటా అని మార్చేసుకున్న జుకర్‌బర్గ్ కూడా, తన లోకంలో బొమ్మలకు కాళ్లొస్తున్నాయని మరుసటి ఏడాది అక్టోబరులో గొప్పగా ప్రకటించుకున్నాడు. ఆ 2022లో ఆ లోకాన్ని కట్టే విభాగం నష్టం 1,300 కోట్ల డాలర్ల పైమాటే. అంత పోసినవాడికే కాళ్లు ఆలస్యమైతే, మా ల్యాబ్ ఫీజుకు నడుం దాకా రావడమే ఎక్కువ.

ఇంతలో ప్రిన్సిపాల్ గారి బొమ్మ సూటు వేసుకుని ప్రత్యక్షమైంది. సరిగ్గా గోడలో. చేతులు ఇవతల, ముఖం అవతల. చేతులు మాత్రమే ప్రసంగిస్తున్నాయి. చప్పట్ల బటన్ నొక్కబోయి డాన్సు బటన్ నొక్కాను. కాళ్లు లేని నా బొమ్మ గోడలోని రెండు చేతుల ముందు నడుం ఊపుతూ ఉండగా కరెంటు పోయింది, వెంటనే వైఫై పోయింది. హెడ్‌సెట్ తీసి చూస్తే అసలు ప్రిన్సిపాల్ గారు చీకట్లో, నోటీసు బోర్డు వైపు తిరిగి, ప్రపంచం మన గుప్పిట్లో ఉందంటూ పిడికిలి బిగిస్తున్నారు. సార్, అటు ఎవరూ లేరు అని చెప్పడానికి 64 మందిలో ఒక్కడికీ నోరు రాలేదు. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతుల్లో ఉన్నాయి మరి, ఆ గోడలోని చేతుల్లోనే.

ఇదేదో నిన్న పుట్టిన వింత అనుకునేరు. సెకండ్ లైఫ్ అనే ఇంటర్నెట్ బొమ్మల లోకం 2003 నాటిది. 2007లో మాల్దీవులు, స్వీడన్ అందులో రాయబార కార్యాలయాలే తెరిచాయి. విశ్వవిద్యాలయాలు దీవులు కొనుక్కున్నాయి. 2010లో చదువుల వాళ్లకిచ్చే రాయితీ ఎత్తేస్తున్నామని కంపెనీ చెప్పేసరికి కొన్ని మూటాముల్లె సర్దుకున్నాయి. వాళ్లు ఖాళీ చేసిన లోకానికి మావాళ్లు ఇప్పుడు కొబ్బరికాయ కొట్టారు.

కరెంటు వచ్చాక చివరి స్లైడ్ చూపించారు: 'మీ పట్టాల పండుగ కూడా ఇక్కడే!' ఐఐటీ బాంబే 2020 ఆగస్టులో అలా చేసింది నిజమే. అప్పుడు కోవిడ్. బొమ్మలు పట్టాలందుకున్నా, అసలు పట్టాలకు ఢోకా లేదు. మా దగ్గరో? పోయినేడు పాసైన మా సీనియర్ అన్న సర్టిఫికెట్లు ఇప్పటికీ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదట. ఒరిజినల్స్ చూపించలేక అన్నకు వచ్చిన ఉద్యోగం పోయింది. వాళ్ల నాన్న ఆ బీరువా ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడటం నేను చూశాను. సర్కారు బాకీ పడితే పిల్లల కాగితాలు తాకట్టు పెట్టుకుంటారా? ఒరిజినల్స్ ఆపొద్దని విశ్వవిద్యాలయాలపై అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది కదా! బొమ్మకు పట్టా ఇవ్వడానికి డబ్బుంటుంది, మనిషికి ఇవ్వడానికి మాత్రం తాళం చెవి దొరకదు. సిగ్గుండాలి.

బయటికొచ్చేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. 'వర్చువల్ క్యాంపస్‌లో మీకు బాగా నచ్చినది?' అనుంది. 'బీరువా లేదు' అని రాసి ఐదు స్టార్లు ఇచ్చాను. అటెండెన్స్ పడింది.